ఏం కావాలో అందరికీ తెలుసు, ఏం వదలాలన్నదే తగువు

తిరుమలలో స్వామి దర్శనానికి దారులు చాలానే ఉన్నాయి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కావాలంటే నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు చూసుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చోవాలి. అది దొరక్కపోతే కింద తిరుపతిలో విష్ణు నివాసం దగ్గరో, శ్రీనివాసం దగ్గరో, భూదేవి కాంప్లెక్స్ దగ్గరో లైన్లో నిలబడి ఉచిత టోకెన్ తీసుకోవచ్చు. అదీ లేదంటే నేరుగా పైకి వెళ్ళి వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చోవాలి. రద్దీ రోజుల్లో ఒక పగలు, ఒక రాత్రి అక్కడే గడిచిపోతాయి. స్తోమత ఉన్నవాళ్ళు శ్రీవాణి ట్రస్టుకి 10,000 రూపాయల విరాళమిచ్చి బ్రేక్ దర్శనానికి వెళ్తారు. నడవగలిగినవాళ్ళకి అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి ఉంది. శ్రీవారి మెట్టు వైపు నుంచి అయితే 2,388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ ఎక్కడం కష్టం.

వీటిలో ఏది మంచిదని తిరుపతిలో ఎవరినైనా అడగండి. సూటిగా జవాబు రాదు. ఎంతమంది వస్తున్నారు, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులున్నాయా, తిరుగు రైలు ఎన్నింటికి, చంటిపిల్లలున్నారా అని ఎదురు ప్రశ్నలే వస్తాయి. దారి ఏదైనా ధర ఉంటుందని, ఒకరు డబ్బుతో, ఒకరు టైంతో, ఒకరు ఒంటి కష్టంతో కడతారని ఇక్కడ ఆటో నడిపేవాళ్ళకి కూడా తెలుసు. మీ దగ్గర ఏది ఎక్కువుంటే దాంతో కట్టండి అన్నదే వాళ్ళ సలహా.

అదే మనుషులు కొడుకుని చెన్నైలో చేర్చాలా ఇక్కడే చదివించాలా, ఉన్న మూడెకరాల్లో మామిడి పెట్టాలా, అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చేయాలా అన్న విషయాలు వచ్చేసరికి ఆ ఎదురు ప్రశ్నలు వేసుకోవడం మానేస్తారు. ‘ఏది మంచిది’ అన్నదొక్కటే పట్టుకుని నెలల తరబడి టెన్షన్ పడతారు. దర్శనం విషయంలో అంత తేలిగ్గా తెగే లెక్క ఇంటి విషయంలో ఎందుకు తెగదు? నాకు కనిపించే కారణాలు ఇవి: ఇంటి లెక్కలో ధర ఎక్కడా రాసి ఉండదు. చాలాసార్లు నిర్ణయం ఒకరిది, ధర ఇంకొకరిది. పైగా కొన్ని ధరల్ని ఒకే తక్కెడలో పెట్టి తూచలేం.

మొదటిది చూద్దాం. అర్థశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని అవకాశ వ్యయం అంటారు. ఒకటి ఎంచుకున్నప్పుడు దాని అసలు ఖరీదు మనం ఇచ్చిన డబ్బు అంకె కాదు, ఆ డబ్బుతోనో ఆ టైంతోనో చేయగలిగి కూడా చేయకుండా వదిలేసిన వాటిలో అన్నిటికంటే మంచిదే దాని ఖరీదు. చిక్కేమిటంటే, కొన్నది కళ్ళముందు ఉంటుంది, వదిలింది ఎక్కడా కనపడదు. 2009లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో దీన్ని చాలా సులువుగా తేల్చారు. ఒక డీవీడీ చూపించి దాదాపు 15 డాలర్లు, కొంటారా కొనరా అని అడిగితే నూటికి 75 మంది కొంటామన్నారు. ఇంకో గుంపుకి కూడా అదే ప్రశ్న వేశారు, కానీ ‘కొనను’ అన్న మాట పక్కన ‘ఆ డబ్బు వేరేవాటికి ఉంచుకుంటాను’ అని చేర్చారు. కొంటామన్నవాళ్ళు 55కి తగ్గారు. కొత్త సంగతేమీ చెప్పలేదు. కొనకపోతే డబ్బు మిగులుతుందని ఎవరికి తెలియదు? అయినా ఎవరో గుర్తు చేస్తే తప్ప అది లెక్కలోకి రాలేదు.

15 డాలర్ల వస్తువు దగ్గరే ఇలా ఉంటే, రేణిగుంట వైపో చంద్రగిరి వైపో లోన్ పెట్టి ప్లాట్ కొనేటప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇంట్లో చర్చంతా గజం ఎంత, అప్రూవల్ ఉందా, రోడ్డు ఎన్ని అడుగులు, ఐదేళ్ళలో ఎంతకు పోతుంది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. నెలనెలా వాయిదా కట్టడానికి ఇంటాయన రెండో డ్యూటీ ఒప్పుకోవాలని, ఇంటావిడ ఆగిపోయిన బీఎడ్ ఇంకో ఐదేళ్ళు ఆగుతుందని, పెద్దాయన కంటి ఆపరేషన్ ‘వచ్చే సంక్రాంతి తర్వాత చూద్దాం’ అవుతుందని కాగితం మీద ఎవరూ రాయరు. రాసినా ప్లాట్ కొంటారేమో, అది వేరే సంగతి. కానీ అప్పుడు ఏం ఇచ్చి కొన్నారో తెలిసి కొన్నట్టవుతుంది.

అందుకే పెద్ద నిర్ణయాలకి నేను చెప్పే మొదటి పని చాలా మొరటుది. ‘ఇది చేద్దామా వద్దా’ అని అడగొద్దు. ‘ఇది చేద్దామా, లేక దీని బదులు అది చేద్దామా’ అని అడగాలి. ఆ ‘అది’కి ఒక పేరుండాలి. బీఎడ్ ఫీజు, కంటి ఆపరేషన్, ఆదివారం సెలవు, ఏదో ఒకటి. పేరు లేనిదాన్ని వదులుకోవడానికి ఎవరికీ బాధ ఉండదు, తర్వాత ఎప్పుడో తప్ప.

ఎవరు కడుతున్నారు

రెండోది చిత్తూరు జిల్లా పల్లెల్లో తిరిగినవాళ్ళకి బాగా తెలిసిన సంగతి, కానీ దీన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. వానలు నమ్మలేని ఈ నేలలో చాలా కుటుంబాల్ని నిలబెట్టింది పాడి. వేరుశనగ పోయినా జెర్సీ ఆవులో, హెచ్ఎఫ్ ఆవులో రెండుంటే పొద్దున ఒక క్యాను, సాయంత్రం ఒక క్యాను పాల కేంద్రానికి పోతాయి. వెన్న శాతం చూసి రాసుకుంటారు, పదిహేను రోజులకోసారి బిల్లు చేతికొస్తుంది. వానదేవుడి దయతో పనిలేని ఆదాయం. ఇంతవరకు అందరూ చెప్పేదే.

ఇప్పుడు ధర చూడండి. ఆవుకి ఆదివారం లేదు. తెల్లారుజామున పాలు పిండాలి, మళ్ళీ సాయంత్రం పిండాలి. మధ్యలో పేడ తీయాలి, గడ్డి కోసుకురావాలి, దాణా కలపాలి, నీళ్ళు పెట్టాలి. ఈ పని చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళదే. తమ్ముడి కూతురి పెళ్ళికి పోయినా తలంబ్రాలు పడంగానే బస్సెక్కాలి. పుట్టింట్లో ఒక రాత్రి ఉండాలంటే పాలు పిండేదానికి పక్కింటామెని బతిమాలుకోవాలి. కొన్ని ఆవులు చెయ్యి మారితే పాలు చేపవు కూడా. మగాయన మాత్రం పాలు పోసొచ్చి టీ కొట్టు దగ్గర కూర్చుని, ‘ఆవులుంటే ఏం ఇబ్బంది లేదబ్బా’ అంటాడు. ఆయన అబద్ధం చెప్పడంలేదు. ఆయనకి నిజంగానే ఇబ్బంది లేదు.

పాడి తప్పని అనడంలేదు నేను. చాలామంది పిల్లలు ఆ పాల బిల్లుతోనే ఇంజినీరింగ్ చదివారు. కానీ ‘మేము ఆవుల్ని పెట్టుకుందామని నిర్ణయించుకున్నాం’ అనే వాక్యంలో ‘మేము’ అనేవాళ్ళు ఇద్దరు, ముగ్గురు ఉండొచ్చు, తెల్లారుజామున లేచేది ఒక్కరు. ఇలాంటివి పల్లెలోనే అనుకోకండి. ‘మావాడు చెన్నైలో మంచి కాలేజీలో చదువుతున్నాడు, ఎంతైనా పెడతాం’ అన్న ఇంట్లో ఆ ‘ఎంతైనా’ కోసం డిగ్రీతోనే ఆగిపోయిన అక్క ఒకామె ఉంటుంది. ‘రిటైరయ్యాక నాన్న మాతోనే ఉంటారు’ అన్న కొడుకు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకి పోతాడు, నాన్నకి మాత్రలు, పత్యం చూసేది కోడలు. మన ఇళ్ళల్లో ప్రాధాన్యతల గురించి గొడవ రావడంలేదంటే, అందరూ ఒప్పుకున్నారని కాదు. కట్టేవాళ్ళని ఎవరూ అడగలేదని అర్థం, చాలాసార్లు.

కాబట్టి ఒక నిర్ణయం సరైనదా అని చూసేముందు దానివల్ల ఎవరి పగలు, ఎవరి నిద్ర, ఎవరి చదువు కరుగుతాయో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి. ‘నీకేం పర్లేదు కదా’ అని అడిగితే ‘పర్లేదు’ అనే జవాబే వస్తుంది. ‘ఇది ఒప్పుకుంటే నీకు ఏది ఆగిపోతుంది?’ అని అడిగితే వేరే జవాబు వస్తుంది.

ఇంకో నూరడుగులు

ధర తెలిసింది, ఎవరు కట్టాలో కూడా తేలింది, అయినా వదలాల్సింది వదలలేకపోవడం ఇంకో రకం చిక్కు. దీనికి బోరుబావిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

కరువు ఏడాదిలో బోరు వేయించే ఇంటి దగ్గర నిలబడితే అంతా అర్థమవుతుంది. కొబ్బరికాయో వేపపుల్లో పట్టుకుని ఒకాయన పాయింటు పెడతాడు. తమిళనాడు తిరుచెంగోడు వైపు నుంచి వచ్చే బండి రాత్రికి చేరుతుంది. రేటు అడుగుకింత అని, అదీ లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. మూడు వందల అడుగులు పోయింది, దుమ్మే. ఐదు వందలు, దుమ్మే. తడి మట్టి కాస్త కనపడిందని ఎవరో అంటారు. ‘ఇంత దూరం వచ్చినాక ఆపేదెట్టా? ఇంకో నూరడుగులు చూద్దాం.’ మళ్ళీ నూరు. తెల్లారేసరికి వెయ్యి దాటి ఉంటుంది, నగలు బ్యాంకులో ఉంటాయి.

ఈ మాటలో లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. ఐదు వందల అడుగులకి పెట్టిన డబ్బు పోయింది. ఆపినా రాదు, సాగినా రాదు. ఇప్పుడు ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇకపై పెట్టబోయే డబ్బుకి, అదీ ఇంతకుముందు కంటే ఎక్కువ రేటుకి, నీళ్ళు పడే అవకాశం ఎంత? చుట్టుపక్కల పొలాల్లో ఏ లోతుకి పడ్డాయి? వెయ్యి అడుగుల నుంచి నీళ్ళు లాగే మోటారు, కేబులు, పైపులు కొనే స్తోమత ఉందా? ఈ ప్రశ్నలకి ‘ఇంత దూరం వచ్చాం’ అన్నది జవాబే కాదు. ఇలా పెట్టేసి ఇక తిరిగిరాని ఖర్చుని అర్థశాస్త్రంలో సంక్ కాస్ట్ అంటారు. పోగొట్టుకున్న బాధ సంపాదించిన సంతోషం కంటే చాలా బరువుగా, ఇంచుమించు రెండింతలుగా తోస్తుందని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తల పరిశోధన చెప్పింది. ఆపేస్తే నష్టం ఖాయమవుతుంది, సాగితే ఇంకా ఖాయం కానట్టే అనిపిస్తుంది. రైతు తెలివితక్కువవాడై కాదు, మనిషి మనసు చేసే పనే అది.

రైతుని చూసి నవ్వేవాళ్ళు ఒకసారి తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లోకి తొంగిచూడాలి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేరవుతూ ఏళ్ళు గడిపేవాళ్ళు వందల్లో ఉంటారు. రాష్ట్రంలో గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరులో వచ్చాక మళ్ళీ 2023 డిసెంబరులో వచ్చింది. మధ్యలో ఐదేళ్ళు. 2018 తర్వాత డీఎస్సీ కోసం చూసినవాళ్ళకి పోస్టుల భర్తీ దాకా వెళ్ళిన నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులతో వచ్చింది. నోటిఫికేషన్ రాకపోవడం వాళ్ళ తప్పు కాదు. కానీ ఇరవై మూడేళ్ళకి రూములో దిగినవాడు ముప్పై ఏళ్ళకి ‘ఇన్నేళ్ళు చదివి ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగానికి పోతే ఏం లాభం’ అన్నాడంటే, అది అక్షరాలా ‘ఇంకో నూరడుగులు’. ఆ ఏడేళ్ళు ఎటూ తిరిగిరావు. ఎనిమిదో ఏడాదిని దేనికి ఇవ్వాలన్నదే మిగిలిన ప్రశ్న. చదవడమే సరైన జవాబు కావచ్చు కూడా. మార్కులు కటాఫ్‌కి దగ్గరగా వస్తుంటే, ఇంట్లో ఆధారపడ్డవాళ్ళు లేకుంటే, చదవనీ.

దీనికి పనికొచ్చే మందు ఒకటుంది, అది మొదలుపెట్టకముందే వేసుకోవాలి. బండి రాకముందే, మనసు చల్లగా ఉన్నప్పుడే ఆరు వందల అడుగులు, అంతే అని భార్యకో అన్నకో చెప్పి, డబ్బు కూడా అంతవరకే చేతిలో పెట్టుకుని ఉండాలి. రూములో దిగేముందే రెండు నోటిఫికేషన్లు లేదా ఇరవై ఎనిమిదేళ్ళు, ఏది ముందైతే అది అని నాన్నకి చెప్పి ఉండాలి. రాత్రి రెండింటికి బోరు పక్కన నిలబడి తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు.

చెట్టు పెట్టేది, చేను వేసేది

అన్ని నిర్ణయాల మీదా ఒకే రకంగా తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఈ ఏడు వేరుశనగ వేస్తారా, రాగి వేస్తారా అన్నది ఒక్క పంట కాలం సంగతి. తప్పయితే వచ్చే ఏడు మార్చుకోవచ్చు. మామిడి అలా కాదు. అంటు పెట్టాక గట్టిగా కాపు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, ఆ తర్వాత దశాబ్దాలు నిలబడుతుంది. చిత్తూరు జిల్లాలో వేరుశనగ నేలలు మామిడి తోటలు కావడానికి కారణాలు అందరికీ తెలిసినవే: కూలీలు దొరకరు, ఏటేటా విత్తనం ఖర్చు లేదు, పైగా గుజ్జు ఫ్యాక్టరీలు పక్కనే ఉన్నాయి. తోతాపురి ఆ ఫ్యాక్టరీల కోసమే పెరిగిన పంట. అందుకే 2025 సీజన్‌లో ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వలు మిగిలిపోయి, కొత్త కాయ దిగుబడి పెరిగేసరికి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. కాయ ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. చేను వేసినవాడికి అది ఒక చెడ్డ ఏడాది, అంతే. చెట్టు పెట్టినవాడికి, కొట్టేయాలా ఉంచాలా అన్న ప్రశ్న.

అందుకని మార్చుకోగలిగిన నిర్ణయాలకి తక్కువ టైం, మార్చుకోలేనివాటికి ఎక్కువ టైం ఇవ్వాలి. ఇది చెప్పడానికి అంత తేలిక, కానీ మనం సరిగ్గా తలకిందులుగా చేస్తాం. ఫ్రిజ్ కొనడానికి నాలుగు షాపులు తిరుగుతాం, సంబంధం మాత్రం ఒక టిఫిన్ తినేలోపు ఖాయం చేసేస్తాం.

మార్చుకునే వీలుంటే మంచిదే కదా అనుకుంటాం. అందులోనూ ఒక మెలిక ఉంది. హార్వర్డ్‌లో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఉంచుకుని ఒకటి ఇచ్చేయాలి. కొందరికి మనసు మారితే తర్వాత మార్చుకోవచ్చన్నారు, కొందరికి ఇదే ఆఖరు అన్నారు. మార్చుకునే వీలు లేనివాళ్ళే తమ ఫొటోని ఎక్కువ ఇష్టపడ్డారు. వీలున్నవాళ్ళకి మనసు నిలవలేదు. తలుపు తెరిచే ఉంటే మనసు గుమ్మంలోనే నిలబడుతుందన్నమాట. కాలేజీలో చేరి ఏడాదైనా ‘ఇంకో బ్రాంచి అయితే బాగుండేదేమో’ అని లోపల నలిగేవాళ్ళకి ఇది పనికొచ్చే సంగతి. మారే గడువు దాటిపోతే కొంత హాయి దానంతటదే వస్తుంది. గడువు దాటకపోతే మీరే ఒకటి పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే మంచిదే కావాలని వెతకడం కూడా ఒక ఖర్చే. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పింది ఇదే: నాకు ఇంత చాలు అని ముందే గీత గీసుకుని, ఆ గీత దాటిన మొదటిదాన్ని తీసుకుని వెతకడం ఆపేయడం చాలా సందర్భాల్లో తెలివైన పని. సొంతూరి ఉద్యోగానికి ఈ పద్ధతి భలే నప్పుతుంది. బెంగుళూరు జీతంతో పోలిస్తే తిరుపతి జీతం ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. ‘ఇంటి ఖర్చులు పోను ఇంత మిగలాలి, సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండాలి’ అని గీత గీసుకుంటే దొరికినదే చాలని తెలుస్తుంది. శ్రీసిటీలోనో రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లోనో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి, రానుపోను బస్సులో పోయే గంటలు. జీతం స్లిప్పులో అవి కనిపించవు.

ప్రాధాన్యతలు రాసుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు ఈమధ్య. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం, దైవభక్తి, స్నేహితులు, పొదుపు అని పది రాసుకుంటే అది ప్రాధాన్యతల జాబితా అవ్వదు, మంచి విషయాల జాబితా అవుతుంది. పది ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు. రెండు ఒకే సాయంత్రానికి ఢీకొన్నప్పుడు ఏది ఓడిపోతుందో ముందే ఒప్పుకోవడంలోనే ప్రాధాన్యత బయటపడుతుంది. తిరుపతిలో కాపురముండేవాళ్ళకి ఈ పరీక్ష తరచూ ఎదురవుతుంది. ‘మేం నలుగురం వస్తున్నాం, దర్శనం ఏదైనా చూడన్నా, రూము కూడా’ అని దూరపు చుట్టం ఫోన్ చేస్తాడు. ఆ రోజు పాపకి పరీక్ష. ఫోన్లో ‘అట్లాగే, రాండి’ అనేస్తాం, ఎందుకంటే కాదనడానికి మొహమాటం. ఆ మొహమాటం ధర పాప కడుతుంది. ‘పరీక్షలున్నాయి బావా, ఈసారికి మీరు ఆన్‌లైన్‌లో చూసుకోండి, భోజనానికి మాత్రం ఇంటికి రండి’ అన్నా చుట్టరికం తెగిపోదు. మనం అనుకున్నంత కోపం కూడా రాదు, చాలామందికి.

తక్కెడలో పెట్టలేనివి

మొదట్లో చెప్పిన మూడో కారణం కష్టమైనది. పైన చెప్పిన పద్ధతులేవీ దీన్ని పూర్తిగా విప్పలేవు. ప్లాట్‌నీ బీఎడ్‌నీ ఎలాగోలా పోల్చవచ్చు. తల్లి దగ్గర ఉండటాన్నీ బెంగుళూరు ఉద్యోగాన్నీ దేనితో కొలుస్తాం? జీతం ఎంత పెరిగితే అమ్మ దగ్గర లేకపోవడానికి సరిపోతుంది అని అడిగితే ఆ ప్రశ్నే తప్పుగా తోస్తుంది. కొన్నిటికి ధర కట్టడమే వాటిని అవమానించడం అని మనుషులందరికీ లోపల ఒక నమ్మకం ఉంటుంది. అలాంటి చోట మనం లెక్కే వేయకుండా తప్పించుకుంటాం. కొడుకు ‘డబ్బుదేముంది’ అంటాడు, అమ్మ ‘నాకేం కాదులే నాయనా’ అంటుంది, ఏమీ మారకుండా మూడేళ్ళు గడుస్తాయి. లెక్క వేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఆ మూడేళ్ళూ ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు.

చిత్తూరులోనో పలమనేరులోనో అమ్మ ఒక్కతే ఉంటుంది, కొడుకు బెంగుళూరులో, కూతురు అదే ఊళ్ళో రెండు వీధుల అవతల. ఇది మా ప్రాంతంలో ఎంత మామూలు ఏర్పాటో చెప్పక్కర్లేదు. కొడుకు డబ్బు పంపుతాడు, నెలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తాడు. వేలూరు సీఎంసీకి చెకప్‌కి తీసుకుపోయేది, అక్కడ లైన్లో కూర్చునేది, రిపోర్టులు తెచ్చేది కూతురు. ఇద్దరికీ లోలోపల ఒక బాధ. ‘నేను లేను’ అని అతనికి, ‘నేనొక్కదాన్నే’ అని ఆమెకి. పండక్కి కలిసినప్పుడు అది వేరే ఏదో మాట మీద గొడవై బయటికొస్తుంది. వంకాయ కూర గురించి మొదలై ఎక్కడికో పోతుంది.

అతను తిరిగొచ్చేయడం సరైనదా కాదా అని బయటివాళ్ళం చెప్పలేం. రెండువైపులా పోయేది నిజంగా విలువైనదే. ఇలాంటి చోట సరైన నిర్ణయం తీసుకున్నా బాధ మిగులుతుంది. ఆ బాధని చూసి తప్పు చేశామని అనుకోకూడదు, విలువైనది వదిలాం కాబట్టి బాధ ఉంది. ఇది తెలియక చాలామంది బాధ పోయేదాకా నిర్ణయాన్ని తిప్పుతూనే ఉంటారు. ఉద్యోగం మానేసి వచ్చి, ఆర్నెల్లకి మళ్ళీ వెళ్ళి, రెండుచోట్లా అద్దె కట్టి.

వదిలేదేమిటో మాటల్లో పెట్టుకున్న ఇళ్ళల్లో కాస్త తేడా చూశాను. అలాంటి ఒకింట్లో అన్నా చెల్లెలూ కూర్చున్నప్పుడు, చెకప్‌లు నేను చూస్తాను, కానీ మూడు నెలలకోసారి వారం రోజులు నువ్వు సెలవు పెట్టి రావాలి, ఆ వారం నేను పిల్లల్ని తీసుకుని ఎటైనా పోతాను అని ఆమె అడిగింది. పనిమనిషి జీతం అతను పెట్టుకుంటానన్నాడు, ఆమె వద్దనలేదు. అమ్మని కూడా అడిగారు. ఆమెకి కావలసింది వాళ్ళిద్దరూ అనుకున్నది కాదు. రోజూ సాయంత్రం గుడికి తోడు ఎవరైనా రావాలంది, అంతే. అది పక్కింటి కాలేజీ పిల్లతో తేలిపోయింది.

ఈ ఏర్పాటూ ఎల్లకాలం నడవదు. అమ్మకి 68 ఏళ్ళప్పుడు వేసిన లెక్క 75కి పనికిరాదు. చెల్లెలి కొడుకు టెన్త్‌కి వచ్చిన ఏడాది ఆమె పగళ్ళు వేరుగా ఉంటాయి, అన్న కంపెనీ ఇంటి నుంచి పని చేయడం రద్దు చేస్తే సెలవులూ మారతాయి. వాళ్ళు ఏటా కనుమ మర్నాడు, అతను తిరుగు బస్సెక్కే ముందు, దీని గురించి మళ్ళీ మాట్లాడుకోవాలని పెట్టుకున్నారు. పోయిన సంక్రాంతికి ఆ మాటలు గంటన్నర సాగాయి, రెండు విషయాలు తేలలేదు, వాటిని ఉగాదికి వాయిదా వేశారు.